చోటుందా అని అడిగే పని

పోయిన నెల ముగ్గురు మా ఇంటికి వచ్చారు. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. ఉపదేశి శిక్షణ అప్పుడే ముగించుకున్నారు. "తాతా, ఈ పనికి ముఖ్యంగా ఏం ఉండాల?" అని అడిగారు. కాళ్ళుండాలి అన్నాను. నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు. వాళ్ళు పోయాక కూర్చుని ఇది రాస్తున్నాను. నా రాత వంకరగా ఉంటుంది, యాభై దాటాక నేర్చుకున్న రాత అది. టైపు చేసే మనవరాలు సరిచేస్తానంది. అక్షరాలు సరిచేయి, సంగతులు ముట్టుకోవద్దు అని చెప్పాను.

పని ఏమిటంటే

మేం రోమన్ కేథలిక్కులం, ఈ పక్క ఆర్సీయం వాళ్ళంటారు. మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారికి అటూ ఇటూ ఉన్న పది ఊళ్ళు కలిపి మా విచారణ. ఫాదర్ గారు ఒక్కరే. ఆయన రాని రోజుల్లో గుడి తలుపు తీసి, గంట కొట్టి, ప్రార్థన నడిపేవాడు ఉపదేశి. ఎవరికి జబ్బు చేసింది, ఎవరింట్లో పురుడు, ఎవరికి ఎవరితో మాటల్లేవు, ఇవన్నీ తెలిసి ఉండాలి. తెలిసినవన్నీ చెప్పకుండానూ ఉండాలి. ఈ రెండోది నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

ఫాదర్లు నాలుగైదేళ్ళకొకరు మారిపోతారు. ఉపదేశి ఉండిపోతాడు. మంచి జరిగితే ఫాదర్ గారి చలవ అంటారు, చెడు జరిగితే ఉపదేశి నోటి దురుసు అంటారు. దానికి బాధపడేవాళ్ళు ఈ పనికి రావద్దు. ఇంకో మాట. చాలామంది ఉపదేశులు మంచి ప్రసంగం చేస్తే పని అయిపోయిందనుకుంటారు. నా ప్రసంగం గుర్తుందని ఇంతవరకు ఒక్కరూ నాతో అనలేదు. మా అమ్మ పోయినప్పుడు నువ్వే ముందొచ్చినావు అని మాత్రం చాలామంది అన్నారు.

అక్షరాలు రాకముందు

నలభై ఏళ్ళ దాకా నేను పలకల గనిలో రాయి కొట్టాను. మార్కాపురం పలక ఎక్కడెక్కడికో పోయేది. నా చెయ్యి తగిలిన పలక మీద ఎందరు పిల్లలు అ ఆలు దిద్దారో లెక్క తెలియదు, నాకు మాత్రం అ కూడా రాదు. రాయిని పొర పగలకుండా చీల్చడం నాకు నేర్పినవాడు రాయప్ప. మా వీధే, మా పక్కిల్లే. ఉలి ఎక్కడ పెట్టాలో చెవితో చెప్పేవాడు. రాయి మీద తట్టి, "ఇక్కడ గుల్లగా పలుకుతాంది చూడు, ఇక్కడ పెట్టు" అనేవాడు. ఆయన చెప్పిన చోట రాయి చీలేది.

పాత ఉపదేశి మంచం పట్టినప్పుడు ఫాదర్ గారు నన్ను పిలిచారు. నాకు చదువు రాదన్నాను. "పాట వచ్చు గదా, జపాలన్నీ వచ్చు గదా, నడువు" అన్నారు. పదేళ్ళు జ్ఞాపకం మీద నెట్టుకొచ్చాను. శనివారం బడిపంతులు రెండుసార్లు చదివి వినిపిస్తే ఆదివారం పుస్తకం తెరిచి పట్టుకుని అప్పజెప్పేవాడిని. పేజీ తిప్పడం అంచనా మీద. ఎవరూ పట్టుకోలేదని నేననుకునేవాడిని. అందరికీ తెలుసట, ఎవరూ అనలేదు.

మఠంలో సిస్టర్ క్లారా గారికి మాత్రం అది సహించలేదు. "శౌరయ్యా, జ్ఞాపకం ముసలిదవుతాది, అక్షరం ముసలిది కాదు, వచ్చి కూర్చో" అన్నారు. మఠం వసారాలో, ఒకటో తరగతి పిల్లలు ఇళ్ళకు పోయాక, ఆమె ముందు కూర్చుని నేర్చుకున్నాను. ఆమె బెత్తం వాడలేదు గాని వాడితేనే మేలనిపించేలా చూసేవారు. రెండేళ్ళలో చదవడం వచ్చింది. బస్సుల మీద పేర్లు, మందుల సీసాలు, గోడల మీద ఓట్ల రాతలు, ఏది కనిపిస్తే అది పైకి చదివేవాడిని. మా ఆవిడ శాంతమ్మ విసుక్కునేది, "ఉప్పు ప్యాకెట్టు మీద ఏముందో నాకెందుకు, ఉప్పే గదా లోపలుండేది" అని.

ఆగమన కాలం

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటాం. పండుగకు ముందు ఎదురుచూసే రోజులవి. గుడిలో ఊదా రంగు గుడ్డలు, వారానికొక కొవ్వొత్తి. మహిమ గీతం పాడం, పండుగ పూజ దాకా దాన్ని దాచి ఉంచుతాం. ఒకసారి అలవాటు కొద్దీ రెండో ఆదివారమే నేను ఆ గీతం ఎత్తేశాను. గుడంతా నా వెనకే అందుకుంది. ఫాదర్ గారు కళ్ళు మూసుకుని చివరిదాకా నిలబడి, "శౌరయ్య గారి ఇంట్లో పండుగ ఈ పొద్దే అంట, భోజనానికి అందరూ అక్కడికే పోండి" అన్నారు. కొంతమంది నిజంగానే వచ్చారు.

ఈ రోజుల్లో మా ఊళ్ళో అందరూ కాచుకునేది బస కోసం. మూరెడు ఎత్తున్న మరియమ్మ, జోజప్పల స్వరూపాలు రెండు గుడిలోంచి బయలుదేరి రోజుకొక ఇంట్లో బస చేస్తాయి. దీపాలు పెట్టే వేళకు, నిన్న బస ఇచ్చినవాళ్ళు స్వరూపాలను మోసుకుని ఈ రోజు ఇంటి ముందుకు వస్తారు, వీధి వెనకే వస్తుంది. తలుపు మూసి ఉంటుంది. మోసుకొచ్చినవాళ్ళు "చోటుందా?" అని అడగాలి. లోపలివాళ్ళు రెండుసార్లు లేదనాలి. బేత్లెహేములో ఆ ఆలుమగలను అట్లాగే తిప్పి పంపారు గదా, ఆ జ్ఞాపకం. మూడోసారి అడిగితే తలుపు తీసి "ఉంది, రండి" అంటారు. పాట ఎత్తుతాం, జపమాల చెప్పుకుంటాం, బొరుగులో ఉడకబెట్టిన శనగలో పెడతారు. తెల్లారి మరియమ్మ తల్లి వాళ్ళ ఇంట్లో కూర్చున్న చోటు అలికి ముగ్గు పెట్టుకుంటారు. ఏ రోజు ఎవరిల్లో రాసేది ఉపదేశి, పాట ఎత్తేదీ ఉపదేశే.

నేను చదివిన కాగితం

అక్షరాలొచ్చిన కొత్తలో ఆగమన కాలం మొదటి ఆదివారం. అప్పటి మా ఫాదర్ మరియన్న గారు పూజకు ముందు నా చేతిలో రెండు కాగితాలు పెట్టారు. ఒకటి అందరికీ చదవాల్సిన ప్రకటనలు. రెండోదాంట్లో తొమ్మిది పేర్లు. ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనాలు మొదలయ్యేలోపు ఆ తొమ్మిది ఇళ్ళకూ నేను పోయి మెల్లగా మాట్లాడి రావాలి. ఏ సంగతి మీద పోతున్నానో మరిచిపోకుండా పేరు పక్కన ఒక మాట రాశారు. "ఇది నీ ఒక్కడికే" అని కూడా అన్నారు. నా చెవికి ఎక్కలేదు.

మొదటి కాగితం చదివాను. తడబడకుండా చదివాను. సిస్టర్ క్లారా గారు ముందు వరసలో తల ఊపారు. చేతిలో ఇంకో కాగితం కనపడింది. అదీ అందుకున్నాను. "చిన్నప్ప, అన్నదమ్ముల తగువు" అన్నాను. "ఆరోగ్యమ్మ, కోడలితో పడటం లేదు" అన్నాను. గుడి నిశ్శబ్దమైంది. జనం శ్రద్ధగా వింటున్నారనుకుని గొంతు ఇంకా పెంచాను. "రాయప్ప, తాగుడు" అన్నాను. ఫాదర్ గారు కుర్చీలోంచి లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకునేసరికి ఆరో పేరు దగ్గరున్నాను.

ఆ రోజు రాయప్ప పక్కన బెంచీలో కనిగిరి నుంచి వచ్చిన వియ్యంకుడు, వియ్యపురాలు కూర్చుని ఉన్నారు. కూతురి పెళ్ళయి మూడు నెలలు. ఇంకొకటి కూడా చెప్పాలి. రాయప్ప తాగుడు మానేసి అప్పటికి నాలుగు నెలలు. ఆ పెళ్ళి కోసమే మానేశాడు. ఫాదర్ గారికి ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా చదివాను, కాగితం మీద ఉంది గనుక.

ఫాదర్ గారు తిట్టలేదు. మర్నాడు పొద్దున పిలిచి, "ఆ ఆరు పేర్లు మళ్ళీ చదువు, నాకొక్కడికే" అన్నారు. చిన్నప్ప అని చదివాను. "చిన్నప్ప ఇంట్లో ఈ పొద్దు పొయ్యి వెలిగిందా?" అన్నారు. తెలియదన్నాను. "పోయి చూసి, క్షమాపణ అడిగి రా." పోయి వచ్చాను. "ఇప్పుడు రెండో పేరు చదువు" అన్నారు. అట్లా ఆరుసార్లు పోయాను, ఆరుసార్లు వచ్చాను. నా ఉద్యోగంలో అంత మంచి బాసును మళ్ళీ చూడలేదు. అంత కోపం తెప్పించినవాడినీ చూడలేదు.

చిన్నప్ప నవ్వేశాడు. "పోనీలే బావా, మా తమ్ముడు కూడా విన్నాడు. వాడి మొహం చూడాల్సింది నువ్వు" అన్నాడు. ఆరోగ్యమ్మ, ఆమె కోడలు ఇద్దరూ గడపలో నిలబడి వంతులేసుకుని నన్ను తిట్టారు. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలవడం అదే మొదలని తర్వాత ఆమె కొడుకే వచ్చి నాకు దండం పెట్టాడు. ఇంకో ముగ్గురు ముఖం మాడ్చుకుని సరేలే అన్నారు. రాయప్ప సరేలే అనలేదు. వాకిట్లోనే నన్ను ఆపాడు.

"నువ్వు గుడిలో చెప్పినావు, నేను వీధిలో చెప్తాండా. నువ్వు నడిపించే ఏ పనీ నా గడప తొక్కదు."

ఆదివారం పూజకు రావడం మానలేదు. నేను ఈ తలుపున ఉంటే ఆయన ఆ తలుపున వచ్చేవాడు. తాగుడు మళ్ళీ మొదలుపెట్టలేదు. అది ఆయన గొప్పతనం. దాంట్లో నా పాలేమీ లేదు.

ఇప్పుడు విచారణకొక వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరి పాప ఏ ఆసుపత్రిలో చేరింది, ఎవరికి ఏ ఆపరేషను, అంతా దాంట్లో పెడుతున్నారు, ప్రార్థించండి అని. పెట్టే ముందు ఆ ఇంటికి నడిచి పోయి అడగండి. నడిచే ఓపిక లేకపోతే పెట్టకండి.

లూర్దమ్మ అడిగింది

బస పోయే దారిలో మలకొండయ్య ఇల్లు, రాయప్ప ఇల్లు, మా ఇల్లు పక్కపక్కనే. మలకొండయ్య గొర్రెల కాపరి, మా మతం కాదు. అందుకని ఏటా స్వరూపాలు ఆయన ఇంటి ముందు నుంచి, మూసి ఉన్న రాయప్ప తలుపు ముందు నుంచి, నేరుగా మా ఇంటికి వచ్చేవి. రాయప్ప భార్య లూర్దమ్మ కిటికీ ఊచలు పట్టుకుని చూసేది. మిగతా అన్ని ఇళ్ళ జపమాలలకూ వచ్చేది. మా ఇంటికి మాత్రం వచ్చేది కాదు, మొగుడి మాట దాటినట్టవుతుందని. ఇట్లా ఏడేళ్ళు.

ఏడో ఏడు ఆమెకు మోకాళ్ళు బాగా పట్టేశాయి. గిద్దలూరు ఆసుపత్రికి పోయి వచ్చే బస్సులో నా ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరగకుండానే అంది.

"అన్నా, వచ్చే ఏటికి నేను ఇంటింటికీ తిరగలేను. నేను నడవగలిగినప్పుడే ఒక్క పొద్దయినా ఆ తల్లి నా ఇంటికి రావాల. ఎట్ల తెస్తావో నాకు తెలియదు. పోగొట్టింది నువ్వు."

పోగొట్టింది నేనే.

అప్పటికి కొత్త ఫాదర్ వచ్చి ఉన్నారు, చిన్న వయసు. తానే రాయప్పకు చెబుతానన్నారు. వద్దన్నాను. ఫాదర్ గారు వాకిట్లో నిలబడితే రాయప్ప తలుపు తీస్తాడు, లోపల మాత్రం అట్లాగే ఉండిపోతాడు. అదే వారం మలకొండయ్య నన్ను దారిలో నిలేశాడు.

"అన్నా, ఏటా పండక్కి మీ గుడిలో కట్టే పశువుల పాకకు మా చొప్ప తీసుకపోతారు, మా గొర్రెపిల్లల్ని తీసుకపోతారు. ఆ తల్లి మాత్రం మా వాకిట్లోంచే పోతాది గాని లోపలికి రాదు. మేమేం తప్పు చేసినాం?"

ఫాదర్ గారిని అడిగితే, "అడిగింది కాపరి గదా, మొదటి క్రిస్మస్‌కు పిలుపు వచ్చింది కాపరులకే, కాదనడానికి మనమెవరం" అన్నారు. మలకొండయ్య పేరు రాశాను. రాస్తుండగా ఆలోచన వచ్చింది. ఆయన ఇంట్లో బస అయితే, మర్నాడు మోసుకుపోయేది ఆయనే. ఆయన తర్వాతి ఇల్లు రాయప్పది.

లూర్దమ్మకు చెప్పి పంపాను. ఆ పొద్దు నేను రాను, నడిపించేది మలకొండయ్య, రాయప్ప మాట రాయప్పకు దక్కుతుంది అని. ఆమె మొగుడికి చెప్పింది. ఆయన తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడట.

గొర్రెల దొడ్డి వెనక

మలకొండయ్య ఇంట్లో బస బాగా జరిగింది. ఆయన భార్య వెంకటమ్మ ముందు రోజే అడిగింది, "ఆ పొద్దు నీసు తినొచ్చునా అన్నా?" అని. తినమ్మా, మరియమ్మకు ఆ పట్టింపు లేదన్నాను. అయినా తినలేదట. రెండుసార్లు లేదనాలని నేను చెబితే ఆమె ఒప్పుకోలేదు. "దేవుడొచ్చి చోటడిగితే లేదనే నోరుంటాదా?" అని మొదటి పిలుపుకే తలుపు బార్లా తీసి నిలబడింది. సరే, ఆమె ఇల్లు ఆమె ఇష్టం.

మర్నాడు సాయంత్రం నేను మలకొండయ్య గొర్రెల దొడ్డి వెనక నిలబడ్డాను. అక్కడి నుంచి రాయప్ప వాకిలి కనపడుతుంది, నేను కనపడను. వెంకటమ్మ మరియమ్మను ఎత్తుకుంది, మలకొండయ్య జోజప్పను భుజాన పెట్టుకున్నాడు. వెనక వీధంతా. తలుపు మూసి ఉంది.

"మామా, చోటుందా?" అన్నాడు మలకొండయ్య.

"లేదు" అని లోపల నుంచి రాయప్ప గొంతు.

అది పద్ధతి కోసం అన్నాడో, నిజంగా అన్నాడో ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు. గొర్రెల మధ్య నిలబడి చేతులు పిసుక్కున్నాను.

"చోటుందా మామా?"

"లేదని చెప్తి గదా."

మలకొండయ్యకు కోపం వచ్చింది. నిజం కోపమే. "ఏంది మామా, చోటు లేకపోవడమేంది? మొన్న వానకు నా గొర్రెలు నలభై నీ వసారాలో పడుకోలేదా? అప్పుడున్న చోటు ఇప్పుడేమాయె? నిండు చూలాలిని వాకిట్లో నిలబెట్టి లేదంటావా? పదవే వెంకటమ్మా, మనింట్లోనే ఉంటాది ఈ తల్లి" అని నిజంగానే వెనక్కి తిరిగాడు.

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన అందరూ. లోపల లూర్దమ్మ గొంతు వినిపించింది, "నువ్వు తీస్తావా, నన్ను తీయమంటావా?" తలుపు తెరుచుకుంది. రాయప్ప గడపలో నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె కట్టి, తల దువ్వుకుని ఉన్నాడు. ఆయన వెనక అలికిన అరుగు, దాని మీద కొత్త దుప్పటి. ఎప్పుడు సిద్ధం చేశారో.

"ఆగరా మలకొండా. మూడోసారి అడగాల. అడుగు."

"నేనడగను. తలుపు తీసినావు గదా."

లూర్దమ్మ కుంటుకుంటూ వచ్చి మరియమ్మను వెంకటమ్మ చేతుల్లోంచి అందుకుంది. అరుగు దాకా తనే మోసింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

నేను లేను గనుక పాట ఆరోగ్యమ్మ ఎత్తింది. మరీ పైన ఎత్తింది. రెండో చరణానికి ఒక్కొక్కరే రాలిపోయి చివరికి ఆమె, ఒక గొర్రె మిగిలారు. రాయప్ప చెవి ఎట్లాంటిదో పైన చెప్పాను. ఆయన ఓర్చుకోలేకపోయాడు.

"ఆపండి. ఇదేం పాట? శౌరిగాడు ఏడి?"

మలకొండయ్య ఒక్కడు, "మా దొడ్డి వెనక నిలబడినాడు మామా, ఇందాకటి నుంచి" అన్నాడు.

"గొర్రెల్లోంచి బయటికి రమ్మను."

పోయాను. గడప ముందు ఆగాను. రాయప్ప నా మొహం చూడకుండా చెప్పాడు. "నువ్వు నడిపించే పని నా గడప తొక్కదన్నా. ఈ పొద్దు నడిపించింది మలకొండయ్య. నువ్వు పాటకు మాత్రం వచ్చినావు. రా, పాడు."

పాడాను. లూర్దమ్మ అరుగు పక్కన కూర్చుని, పాట అయిపోయినా, జపమాల అయిపోయినా, శనగలు పంచుతున్నా లేవలేదు.

మా తలుపు

మర్నాడు రాయప్ప వంతు. జోజప్పను ఆయన, మరియమ్మను లూర్దమ్మ మోసుకుని మా ఇంటి ముందుకు రావాలి. పాపం ఆమె మోకాళ్ళకు ఆ పక్కింటి దూరమే చాలాసేపు పట్టింది. శాంతమ్మ, నేను తలుపు వెనక నిలబడి ఉన్నాం. అడుగుల చప్పుడు ఆగింది.

"శౌరీ, చోటుందా?"

ఏడేళ్ళ తర్వాత ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం. శాంతమ్మ నా చొక్కా పట్టుకుని "లేదనండి, పద్ధతి" అంటోంది. వినకుండా తలుపు తీసేశాను.

రాయప్ప అక్కడే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. "ఏందిరా ఇది? ఇన్నేండ్లు ఉపదేశిగా ఉండి పద్ధతి తెలియదా? నేను రెండుసార్లు లేదనలేదా? తలుపేయ్. సరిగ్గా చెప్పు."

తలుపేశాను.

"చోటుందా?"

"లేదు" అన్నాను.

"వినపడలేదు. వీధంతా వినాల."

"లేదు" అని గట్టిగా అన్నాను.

మూడోసారి అడగడానికి కావాలనే ఆలస్యం చేశాడు. బయట అందరూ నవ్వుతున్నారు, మలకొండయ్య గొంతు అందరికంటే పైన. నేను గడియ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను.